గురక ఆగినప్పుడే నాకు భయం

పేరు రాయవద్దని కోరుతూ ఉత్తరం రాసిన ఈ సోదరిది ఒడిశాలోని రాయగడ. తాతల కాలంలో విజయనగరం వైపు నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. ఆమెకు 43 ఏళ్లు, భర్తకు 49. ఆయనకు సొంత పికప్ వ్యాను ఉంది. కొరాపుట్ వైపు నుంచి అల్లం, చింతపండు, కూరగాయలు ఎక్కించుకుని పార్వతీపురం, విజయనగరం మార్కెట్లకు తోలుతుంటారు. తెల్లవారేసరికి సరుకు దించాలి కాబట్టి ప్రయాణం ఎక్కువగా రాత్రిళ్లే.

ఆయనకు బీపీ ఉందని తెలిసి ఆరేళ్లయింది. ఒక మాత్రతో మొదలై ఇప్పుడు మూడు రకాలకు వచ్చారు. అయినా ఎప్పుడు చూసినా 160కి 100, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. డాక్టరేమో "మందులు సరిగ్గా వేసుకోవడం లేదు" అని కోప్పడతారు. ఈయన ఇంటికొచ్చి "వేసుకుంటూనే ఉన్నాను కదా" అని భార్య మీద విసుక్కుంటారు. పొద్దున లేస్తే తలనొప్పి, నోరు ఎండిపోయి ఉంటుంది. రాత్రి మూడుసార్లు మూత్రానికి లేస్తారు. షుగరేమోనని పరీక్ష చేయిస్తే లేదన్నారు. పగలు కుర్చీలో కూర్చుంటే చాలు, కునుకు.

రాత్రి సంగతి ఆమె మాటల్లోనే చదవాలి. "గురక వీధి చివరికి వినిపిస్తుంది. దానికి అలవాటు పడిపోయాను. గురక ఆగినప్పుడే నాకు భయం. ఒక్కసారిగా నిశ్శబ్దం. ఛాతీ, పొట్ట ఎగసిపడుతూనే ఉంటాయి గానీ ముక్కులోంచి గాలి రాదు. నేను అంకెలు లెక్కపెడతాను. ఇరవై, ముప్పై... ఒకరోజు నలభై దాటింది. అప్పుడు గొంతులో ఏదో పగిలినట్టు పెద్ద శబ్దంతో ఊపిరి అందుకుంటారు, పక్కకు తిరుగుతారు, మళ్లీ మొదలు. కుదిపి లేపితే తిడతారు."

రెండేళ్లుగా ఆమె హాల్లో కూతురి పక్కన పడుకుంటున్నారు. దానికి అత్తగారు "కష్టపడే మగాడికి గురక రాదా? దానికే మొగుణ్ణి వదిలేసి బయట పడుకుంటారా?" అని నలుగురిలో అన్నారు. ఫోన్లో వీడియో తీసి చూపిస్తే భర్త మండిపడ్డారు. "నా మీద నవ్వుకోవడానికా, చెరిపెయ్" అన్నారు. ఎవరో చెబితే నిద్రలో ఊపిరిని గమనించే స్లీప్ టెస్టు, నిద్రలో ముక్కులోకి గాలి పంపే మెషీను గురించి తెలుసుకున్నారట. "ముఖానికి గొట్టం పెట్టుకుని పడుకుంటే పిల్లకి సంబంధాలు వస్తాయా?" అని ఆయన తేల్చేశారు. అమ్మాయికి బొబ్బిలి వైపు సంబంధం ఒకటి నడుస్తోంది.

అన్నిటికంటే బరువైన విషయం ఉత్తరం చివర్లో, చిన్న అక్షరాలతో రాశారు. రెండు నెలల క్రితం ఘాటీ రోడ్డు మీద వ్యాను కల్వర్టు గోడను రాసుకుని ఆగింది. ఆవు అడ్డొచ్చిందని ఇంట్లో చెప్పారు. ఆవూ లేదు, ఏమీ లేదు, అన్న స్టీరింగు మీద తూగిపోయాడని క్లీనర్ కుర్రాడు తర్వాత ఈమెతో చెప్పాడు. తనకు తెలుసన్న సంగతి భర్తకు ఇంకా తెలియదు.

ఆమె అడుగుతున్నవి ఇవీ: గురకకూ బీపీకీ నిజంగా సంబంధం ఉందా, లేక ఆయన మాత్రలు మానేస్తున్నారా? ఆయనకు తెలియకుండా డాక్టరుకు చెప్పడం తప్పవుతుందా? ఆ వీడియో చెరిపెయ్యనా?

*

అమ్మా, ముందు మీరు హాల్లో పడుకోవడం గురించి చెబుతాను. మీ ఉత్తరంలో మూడుచోట్ల దాని గురించి సంజాయిషీ ఇచ్చుకున్నారు. మీరు తప్పు చేయలేదు. ఇరవై ఏళ్లు కలిసి కాపురం చేసిన మనిషి ఊపిరి ఆగిపోతుంటే చీకట్లో కూర్చుని అంకెలు లెక్కపెట్టడం ఎవరి వల్లా అయ్యే పని కాదు. ఊపిరి ఆగిన ప్రతిసారీ ఆయన్ని లేపుతున్నది ఆయన మెదడే. మీరు హాల్లో ఉన్నా ఆ పని అది చేస్తుంది. మీ కాపలా లేకపోతే ఆ రాత్రే ఏదో అయిపోతుందని భయపడకండి. ఈ జబ్బు హాని చాలావరకు నెలలు, ఏళ్ల మీద మెల్లగా పేరుకునేది. రోడ్డు మీద మాత్రం అలా కాదు, దాని సంగతి తర్వాత చెబుతాను.

గురకకూ బీపీకీ సంబంధం ఉంది, గట్టిగానే ఉంది. మీరు రాసిన లక్షణాలు చదివితే పరీక్ష చేయకముందే అనుమానం వచ్చే జబ్బు ఒకటి ఉంది. దాన్ని అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ అప్నియా అంటారు. నిద్ర పట్టగానే గొంతు చుట్టూ కండరాలు వదులవుతాయి. అందరికీ వదులవుతాయి. కొందరిలో మెడ దగ్గర కొవ్వు పేరుకోవడం వల్లో, దవడ వెనక్కి ఉండడం వల్లో, నాలుక వెనుక జాగా తక్కువై ఆ దారి మూసుకుపోతుంది. ఛాతీ లాగుతూనే ఉంటుంది, గాలి మాత్రం లోపలికి పోదు. మీరు చూసింది అక్షరాలా అదే. పది సెకన్లు ఆగినా డాక్టర్లు లెక్కలోకి తీసుకుంటారు. మీరు నలభై దాకా లెక్కపెట్టారు.

మీ ఆయనకు చెప్పాలంటే బండి భాషలో చెప్పండి, త్వరగా ఎక్కుతుంది. ఎయిర్ ఫిల్టర్‌లో గుడ్డ కుక్కి ఘాటీ ఎక్కిస్తే ఇంజను ఏమవుతుంది? ఇక్కడా అంతే. గాలి అందక రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు గంట కొడుతుంది. అడ్రినలిన్ లాంటివి ఎగదన్నుతాయి, రక్తనాళాలు బిగుసుకుంటాయి, బీపీ ఒక్కసారిగా లేస్తుంది. గొంతు తెరుచుకుంటుంది, పెద్ద శబ్దంతో ఊపిరి వస్తుంది. పూర్తిగా మెలకువ రాదు కాబట్టి ఆయనకు ఇదేదీ గుర్తుండదు. జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లలో ఇది గంటకు ముప్పైసార్లకు పైగా జరుగుతుంది. మామూలు మనిషికి నిద్రలో బీపీ పగటికంటే 10 నుంచి 20 శాతం తగ్గుతుంది. రక్తనాళాలకు అదే విశ్రాంతి. మీ ఆయన బండి షెడ్డులో పెట్టినా ఇంజను రాత్రంతా రేసు అవుతూనే ఉందన్నమాట. ఆ బిగుతు తెల్లారాక కూడా వదలదు. పైగా ఒంట్లో ఉప్పునూ నీటినీ పట్టి ఉంచే ఆల్డోస్టిరాన్ అనే హార్మోను కూడా వీళ్లలో చాలామందికి ఎక్కువగా ఉంటుంది.

రాత్రి మూడుసార్లు మూత్రానికి లేవడం కూడా ఇందులో భాగం కావచ్చు. మూసుకున్న గొంతుతో ఛాతీ బలంగా లాగుతుంటే గుండె గదులు సాగుతాయి. ఒంట్లో నీరు ఎక్కువైందేమోనని గుండె పొరబడి మూత్రం ఎక్కువ చేసే హార్మోనును వదులుతుంది. షుగర్ లేదన్నాక ఈ మూల వెతకాల్సింది. కానీ రాత్రి ఏం జరుగుతోందో ఎవరైనా చెబితే కదా వెతకడానికి.

స్లీప్ అప్నియా ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి బీపీ ఉంటుంది. మూడు మందులకూ లొంగని బీపీ ఉన్నవాళ్లను పరీక్షిస్తే సగానికి మించి ఈ జబ్బు బయటపడుతుంది. నేను ఫిజీషియన్‌గా పనిచేసిన తొలి రోజుల్లో మాకు ఇది తట్టేది కాదు. బీపీ తగ్గలేదంటే మాత్ర మార్చడం, లేదా రోగిని కోప్పడడం. నేనూ కోప్పడ్డాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. "మీ ఆయన నిద్రలో ఎలా ఉంటాడమ్మా?" అని భార్యను ఒక్కమాట అడిగి ఉంటే ఎందరి సంగతి తెలిసేదో.

అయితే నెపమంతా గురక మీద వేయకండి. మీ రెండో అనుమానం కూడా కొట్టిపారేసేది కాదు. రాత్రంతా బండి తోలి పగలు పడుకునే మనిషికి "ఉదయం ఒకటి, రాత్రి ఒకటి" అనే చీటీ ఎలా కుదురుతుంది? ఆయనకు ఉదయం ఏది, రాత్రి ఏది? మానేయాలని మానకపోయినా మధ్యలో తప్పిపోతుంటాయి. పైగా మూత్రం ఎక్కువయ్యే మాత్రను దారిలో దిగాల్సి వస్తుందని చాలామంది డ్రైవర్లు పక్కన పెట్టేస్తారు. స్ట్రిప్పులు లెక్కపెట్టి నిలదీయకండి. ఆయన డ్యూటీ వేళలు కాగితం మీద రాసి, వాటికి తగ్గట్టు మందుల వేళలు మార్చమని డాక్టర్ను అడగండి.

ఇంకొన్ని చూసుకోవాలి. నడుం నొప్పికి మందుల షాపులో కొనుక్కునే బిళ్ళలు చాలావరకు బీపీని పెంచుతాయి. జలుబుకు వాడే ముక్కు చుక్కలు, మాత్రలు కొన్ని కూడా అంతే. మీ వైపు గుడాఖుతో పళ్లు తోమే అలవాటు ఎక్కువ. అదీ పొగాకే, తోమిన కాసేపటికే బీపీ చూస్తే ఎక్కువ వస్తుంది. ఎండుచేప, ఊరగాయ, పఖాళలోకి, అంటే చద్దన్నంలోకి, నంజుకునే ఉప్పు సంగతి మీకే తెలుసు. ఇంట్లో భుజానికి కట్టే బీపీ మెషీను ఒకటి ఉంటే మంచిది. ఐదు నిమిషాలు కుదురుగా కూర్చున్నాక, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, రోజుకు రెండు పూటలా రెండేసి సార్లు, ఒక వారం పాటు చూసి రాయండి. ఇంట్లో సగటు 135కి 85 దాటితే ఎక్కువన్నట్టే. ఆ కాగితం ముందుంటే ఆసుపత్రిలో గొడవ సగం తగ్గుతుంది. కిడ్నీ, థైరాయిడ్, అడ్రినల్ గ్రంథి వంటి కారణాలు కూడా చూడాలా వద్దా అన్నది డాక్టరు నిర్ణయిస్తారు.

ఇప్పుడు అసలు చిక్కు. ఎవరికి ఏం చెప్పాలి?

ఆయనకు తెలియకుండా డాక్టరుకు చెప్పడం ఒక దారి. ఇందులో తప్పేమీ లేదు. నిద్రలో ఊపిరి ఆగడం గురించి రోగి ఎన్నటికీ చెప్పలేడు, చూసినవాళ్లే చెప్పాలి. ఈ జబ్బును అంచనా వేసే ప్రశ్నల్లో "ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా?" అన్నది ఒకటి. దానికి జవాబు మీ దగ్గర మాత్రమే ఉంది. ఇబ్బంది ఎక్కడంటే, డాక్టరు రేపు ఆయన ఎదుటే "మీ ఆవిడ చెప్పింది" అనేస్తే ఆయన మీ మీద నమ్మకం పోగొట్టుకుంటారు. చాటుగా వెళ్లేకన్నా ఇద్దరూ కలిసి వెళ్లినప్పుడు ఆయన పక్కనే కూర్చుని చెప్పండి. ఒడియాలో మాట్లాడడానికి తడబాటుగా ఉంటుందని రాశారు. గురకను అక్కడ ఘుంగుడి అంటారు కదా, ఆ ఒక్క మాట అని ఫోన్ చేతికిచ్చినా డాక్టరుకు అర్థమైపోతుంది.

రెండో దారి, క్లీనర్ చెప్పింది ఆయనతో అనేయడం. దీనివల్ల మీ గుండె బరువు దిగుతుంది. కానీ ఆ కుర్రాడి ఉద్యోగం పోవచ్చు. ఆ తర్వాత ఆయనకు కునుకు పట్టినప్పుడు పక్కన లేపే మనిషి ఉండడు. అందుకని కుర్రాడి పేరు తేవద్దు. "ఆవు సంగతి నేను నమ్మలేదు. మీకు నిద్ర ముంచుకొస్తోందని ఇంట్లోనే చూస్తున్నాను" అనండి. అది అబద్ధం కాదు, మీరు చూస్తున్నారు కదా. ఆయన ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోనక్కర్లేదు కూడా, విన్నారంటే చాలు.

మూడోది, ఇంకో డ్రైవర్ చేత చెప్పించడం. మీ స్టాండులోనో, పార్వతీపురం మార్కెట్లోనో ఈ మెషీను వాడుతున్నవాళ్లు ఉండే ఉంటారు, బయటికి చెప్పుకోరంతే. మగవాళ్లు ఇలాంటివి పెళ్లాం చెబితే వినరు, తోటివాడు టీ తాగుతూ చెబితే వింటారు. దీనికి కొంత టైము పడుతుంది, పైగా మీ ఇంటి సంగతి బయటికి పోతుంది. రెండోది ఇద్దరి మధ్యే ఉంటుంది కానీ గొడవ అయ్యే అవకాశం ఎక్కువ. ఏది భరించగలరో మీరే చూసుకోవాలి. మీ అత్తగారితో మాత్రం దీని గురించి వాదించకండి. ఆవిడ దృష్టిలో గురక అంటే కొడుకు కష్టానికి గుర్తు. దాన్ని జబ్బు అంటే కొడుకును కించపరిచినట్టు ఉంటుంది. ఒక రాత్రి ఆవిడనే ఆ గదిలో పడుకోబెట్టి చూడండి. నవ్వులాటకు అనడం లేదు.

ఒక్క విషయంలో మాత్రం దారులు చూపించలేను. స్టీరింగు మీద ఒకసారి తూగిన మనిషి, పరీక్ష అయి చికిత్స మొదలయ్యేదాకా రాత్రి ఘాటీలో బండి తోలకూడదు. సంపాదన తగ్గుతుంది, నిజమే. రెండో డ్రైవర్ను పెట్టుకుంటే లోడుకింత పోతుంది. పగటి ట్రిప్పులకు మారితే మార్కెట్ రేటు తప్పిపోతుంది. అయినా ఈ కొద్ది వారాలు ఆ నష్టం పడాల్సిందే. పగలైనా కునుకు వస్తోందనిపిస్తే తోలకూడదు. క్లీనర్ కుర్రాడు మీ దగ్గరకొచ్చి చెప్పాడంటే వాడూ భయపడి ఉన్నాడు.

పరీక్ష పెద్ద తతంగం కాదు. ఆసుపత్రిలో ఒక రాత్రి పడుకుని చేయించుకునేది ఒకటి, ఇంట్లోనే చేసేది ఒకటి. ఇంట్లో చేసేదానిలో వేలికి ఒక క్లిప్పు, ఛాతీకి ఒక బెల్టు, ముక్కు కింద ఒక సన్నని గొట్టం పెడతారు. పొద్దున్నే తీసేస్తారు. మీకు విశాఖపట్నం రైలు మార్గం ఉంది, బరంపురం ఉంది. ఊపిరితిత్తుల డాక్టరు దగ్గర గానీ, చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గర గానీ అడగండి. గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగింది, లేదా బాగా తగ్గింది అన్నది రిపోర్టులో అంకెగా వస్తుంది. 5 లోపు ఉంటే మామూలు. 5 నుంచి 15 తక్కువ స్థాయి, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. మీ మాట వినని మనిషి ఒక్కోసారి అంకె చెబితే వింటాడు.

మెషీను అంటే సీపాప్. ఆక్సిజన్ సిలిండర్ అనుకుంటారు చాలామంది, కాదు. మామూలు గాలినే కొంచెం ఒత్తిడితో ముక్కులోకి పంపి గొంతు మూసుకుపోకుండా పట్టి ఉంచుతుంది. 1981లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కోలిన్ సల్లివన్ అనే డాక్టరు దీని గురించి మొదటిసారి ప్రకటించారు. మొదట్లో వాక్యూమ్ క్లీనర్ మోటారునే తిరగేసి వాడారట. మీ ఆయనకు ఈ కథ నచ్చుతుందేమో. ధర వేలల్లో ఉంటుంది. అందుకే మొదట ఒక నెల అద్దెకు తీసుకోమంటాను. మాస్కు ముఖానికి సరిపోకపోతే పక్కన పడేసేవాళ్లే ఎక్కువ. మొదటి వారం చిరాకుగా ఉంటుంది. రాత్రికి కనీసం నాలుగు గంటలైనా, కుదిరితే నిద్రపోయినంతసేపూ పెట్టుకోవాలి. పగలు పడుకున్నా పెట్టుకోవాల్సిందే, జబ్బుకు పగలూ రాత్రీ తెలియదు. కరెంటు పోయే ఊళ్లో ఇన్వర్టర్ సంగతి ముందే చూసుకోవాలి.

దీనితో బీపీ మాయమైపోతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. సగటున తగ్గేది రెండు మూడు పాయింట్లే. మీ ఆయనలా మందులకు లొంగనివాళ్లకు, రాత్రంతా శ్రద్ధగా వాడేవాళ్లకు ఇంకాస్త ఎక్కువ మేలు కనిపించవచ్చు. మెషీను వచ్చిందని మాత్రలు ఆపేస్తే కొత్త ప్రమాదం తెచ్చుకున్నట్టే. పగటి కునుకు మాత్రం చాలామందికి కొద్దిరోజుల్లోనే తగ్గుతుంది. పూట గడవాలంటే స్టీరింగు పట్టాల్సిన మనిషికి అదే పెద్ద మేలు.

మెషీను కుదరదంటే ఏమీ చేయలేమని కాదు. వెల్లకిలా పడుకుంటే గురక పెరిగేవాళ్లు ఉంటారు. బనీను వెనుక జేబు కుట్టి బంతి పెట్టడం పాత చిట్కా, కొందరికి పనిచేస్తుంది. బరువు ఎక్కువ ఉంటే తగ్గాలి, పదో వంతు తగ్గినా తేడా తెలుస్తుంది. జబ్బు తక్కువ స్థాయిలో ఉంటే దవడను ముందుకు పట్టి ఉంచే పరికరాన్ని దంతవైద్యులు చేసిస్తారు. ముక్కు దూలం, టాన్సిల్స్ అడ్డుగా ఉంటే ఆపరేషను కొందరికే. పడుకునే ముందు తాగే మద్యం, జీలుగు కల్లు రెండూ గొంతు కండరాలను ఇంకా వదులు చేస్తాయి. నిద్ర సరిపోవడం లేదని మందుల షాపులో నిద్రమాత్రలు అడిగి తెచ్చుకోవడం మరీ ప్రమాదం. మజ్జిగౌరమ్మకు మొక్కుకున్నానని రాశారు. మొక్కు తీర్చండి, మందులూ వేయించండి.

ఇక పెళ్లి సంబంధం. బీపీ మాత్రల డబ్బా లేని వియ్యంకుల ఇల్లు ఈ రోజుల్లో నాకు చూపించండి. మెషీను మంచం పక్కన చిన్న డబ్బాలా ఉంటుంది, చూపులకొచ్చినవాళ్లు పడకగదిలోకి రారు. ఆయన భయం పెళ్లివాళ్ల గురించి కాదేమో అనిపిస్తోంది నాకు. ఇంటిని లాగే మనిషి రోగి అనిపించుకోవడం ఆయనకు కష్టంగా ఉంది. కాబట్టి "మీకు జబ్బు" అని మొదలుపెట్టకండి. "పిల్ల పెళ్లికి మీరే బండి తోలుకుని బొబ్బిలి తీసుకెళ్లాలి" అని మొదలుపెట్టి చూడండి.

బీపీ 180కి 120 దాటి, దానితోపాటు ఛాతీనొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, కాలో చెయ్యో పట్టు తప్పడం, మాట తడబడడం వీటిలో ఏది కనిపించినా ఇదంతా పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఈ లక్షణాల్లో ఏదున్నా బీపీ అంకె కోసం కూడా ఆగకండి. ఇంకోటి, రెండేళ్లుగా సరైన నిద్ర లేనిది మీక్కూడా. ఆయనకు కొన్న బీపీ మెషీనుతోనే మీదీ ఒకసారి చూసుకోండి.

వీడియో చెరపకండి. అది ఎవరికీ పంపనని, డాక్టరుకు తప్ప చూపించనని ఆయనకు మాటివ్వండి, ఆ మాట మీద ఉండండి. కుదిరితే ఇంకొక్కటి తీయండి. ముఖం కాకుండా ఛాతీ, పొట్ట కనిపించేలా, శబ్దం వినిపించేలా, ఒక ఐదు నిమిషాలు.